మీ ప్రశ్న – మా జవాబు: ఐరిష్ పబ్బులో పాట

మార్చి 17, సెయింట్ పాట్రిక్ డే దగ్గరపడుతోంది. ఐరిష్ పబ్బుల్లో జరిగే పాట గురించి ఈసారి ఉత్తరాలు బాగా వచ్చాయి. ఐర్లండ్‌లో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న మనవాళ్లవి కొన్ని, ఇక్కడే అలాంటి సాయంత్రం పెట్టాలనుకుంటున్న వాళ్లవి కొన్ని. ఒకే సంగతి అడిగినవాటిని కలిపేశాం.

ప్రశ్న: డబ్లిన్‌లోని టెంపుల్ బార్ పేటలో ఒక పబ్బుకి వెళ్తే గాయకుడు పాడుతుంటే జనం బల్లలు బాదుతూ గొంతు కలిపారు. మర్నాడు స్మిత్‌ఫీల్డ్ పేటలో ఇంకో పబ్బులో పక్కవాడితో రెండు ముక్కలు మాట్లాడానో లేదో, వెనకనుంచి ‘ష్’ అన్నారు. ఇంతకీ ఏది పద్ధతి? – ఒక విద్యార్థి, డబ్లిన్

రెండూ పద్ధతే. మీరు చూసినవి రెండు వేర్వేరు వ్యవహారాలు. నిజానికి మూడోది కూడా ఉంది. వచ్చే చిక్కులన్నీ ఈ మూడింటినీ ఒకటే అనుకోవడం వల్ల వచ్చేవే.

మొదటిది గిగ్. పబ్బు యజమాని డబ్బిచ్చి పిలిపించిన గాయకుడు గిటార్, మైకు, స్పీకర్లతో జనం వైపు తిరిగి పాడతాడు. అక్కడ చప్పట్లు, కోరస్, కేకలు అన్నీ చెల్లుతాయి.

రెండోది సెషన్. ఒక మూల బల్ల చుట్టూ ఫిడేలు, వేణువు, కాన్సర్టీనా (చేత్తో పట్టుకునే చిన్న అకార్డియన్ లాంటిది), పైపులు (తిత్తి గాలితో మోగే వాద్యం) వాయించేవాళ్లు ఒకరికొకరు ఎదురుగా కూర్చుంటారు. మైకు ఉండదు. వాళ్లు వాయించేది వాళ్లలో వాళ్లకోసం, మీ చెవిన పడటం మీ అదృష్టం. ట్యూన్లు, అంటే మాటల్లేని వాద్య వరసలు, నడుస్తున్నప్పుడు మెల్లగా మాట్లాడుకోవచ్చు. నడుమ ఎవరినైనా పాట అడిగితే మాత్రం ‘క్యూనస్!’ అని ఒక కేక వినపడుతుంది. నిశ్శబ్దం అని అర్థం. అప్పుడు బార్‌లో గ్లాసులు సర్దేవాడు కూడా చెయ్యి ఆపుతాడు. మీకు ‘ష్’ పడింది ఇక్కడే అయ్యుంటుంది.

మూడోది పాడేవాళ్లు మాత్రమే కలిసే సింగింగ్ సర్కిల్. మేడమీదో వెనక గదిలోనో పెట్టుకుంటారు. అక్కడ వాద్యాలూ ఉండవు, మాటలూ ఉండవు.

గుర్తుపట్టడం తేలికే. లోపలికి వెళ్లగానే కుర్చీలు ఎటు తిరిగి ఉన్నాయో చూడండి. జనం వైపు తిరిగి ఉంటే గిగ్, లోపలికి తిరిగి ఉంటే సెషన్. సెషన్ బల్ల దగ్గర ఖాళీ కుర్చీ కనపడినా కూర్చోకండి, అది ఆలస్యంగా వచ్చే వాద్యగాడిది.

సెషన్‌లో ఎప్పుడైనా షాన్ నోస్ పాట తగలవచ్చు. పక్కవాద్యం లేకుండా, ఐరిష్ భాషలో, కళ్లు మూసుకుని పాడే పాత పద్ధతి అది. కనెమారా ప్రాంతానికి చెందిన జో హీనీ (1919–1984) దీనికి పెద్ద పేరు. మన పద్యనాటకంలో పద్యంలాగే దానికి బిగించిన తాళం ఉండదు, కాబట్టి చప్పట్లు వెయ్యడం కుదరదు. చరణానికీ చరణానికీ మధ్య ‘మా హూ’ అని మెల్లగా మెచ్చుకోవచ్చు, మన ‘భళా’కు సరిపోతుంది. ‘వన్స్ మోర్’ మాత్రం అనకండి.

ఇలాంటి గదులను డబ్లిన్‌వాళ్లు తేలిగ్గా తీసుకోరు. 1962లో మెరియన్ రో వీధిలోని ఒడొనహ్యూస్ పబ్బులో కూడిన కొందరు కుర్రాళ్లే తరవాత ఐరిష్ జానపదాలకు పేరుపడ్డ డబ్లినర్స్ బృందమయ్యారు. లూక్ కెల్లీ, రోనీ డ్రూ ఆ గదిలో పాడినవాళ్లే. స్మిత్‌ఫీల్డ్‌లోని కాబుల్‌స్టోన్ అనే సెషన్ల పబ్బు దగ్గర హోటల్ కట్టాలన్న ప్రతిపాదన వస్తే 2021లో జనం వీధుల్లోకి వచ్చారు, నగర కౌన్సిల్ అనుమతి నిరాకరించింది. మీ వెనకనుంచి ‘ష్’ అన్నవాళ్లకు ఆ గదంటే ఎంత పట్టింపో దీన్నిబట్టే తెలుస్తుంది.

ప్రశ్న: మా అమ్మాయి గాల్వేలో ఎం.ఎస్. చేస్తోంది. స్నేహితులతో కలిసి పాటలకని పబ్బుకు వెళ్తానంటోంది. తను మందు ముట్టదు. అలాంటి పిల్ల అక్కడ ఇమడగలదా అండీ? – ఒక తల్లి, విజయవాడ

నిక్షేపంగా ఇమడగలదమ్మా. అక్కడ పబ్బంటే ఊరి రచ్చబండకు దగ్గర, మన బార్‌కు దూరం. ముసలివాళ్లు, ఆడవాళ్లు, భోజనానికొచ్చిన కుటుంబాలు, అందరూ ఉంటారు. టీ, సోడా, ఆల్కహాల్ లేని బీరు అడిగితే ఎవరూ వింతగా చూడరు. ఒక్క జాగ్రత్త: అక్కడ ‘రౌండ్లు’ కొనే అలవాటుంది. అంటే గుంపులో ఒక్కొక్కరు వంతులవారీగా అందరికీ కొంటారు. మీ అమ్మాయి మొదటే ‘నాది నేనే కొనుక్కుంటా’ అనేస్తే సరిపోతుంది. మధ్యలో తప్పుకుంటేనే ఎబ్బెట్టుగా ఉంటుంది.

పొగ బాధ లేదు. 2004 మార్చి 29 నుంచి ఐర్లండ్‌లో పబ్బు లోపల సిగరెట్ నిషేధం. పాడేవాళ్ల గొంతులకూ అది మేలే చేసింది. మామూలు లైసెన్సు పబ్బులు సోమవారం నుంచి గురువారం దాకా రాత్రి 11:30కి, శుక్ర, శనివారాల్లో 12:30కి అమ్మకం ఆపుతాయి. చివరి బస్సు ఎన్నింటికో ముందే చూసుకుని వెళ్లమనండి. చిన్నపిల్లలున్న పాఠకులకు ఇంకో మాట: 18 ఏళ్లలోపువాళ్లు రాత్రి 9 దాటాక బార్‌లో ఉండకూడదు. మే నుంచి సెప్టెంబరు వరకు ఆ గడువు 10.

ప్రశ్న: మా బ్రూ పబ్బులో మార్చి 17న ఒక గాయకుడు గిటార్‌తో ఐరిష్ పాటలు పాడతాడు. నిరుడు పెడితే తొమ్మిదయ్యేసరికి పాట ఎవరికీ వినపడలేదు. సౌండు పెంచితే మైకు కుయ్‌మంది. రెండు టాప్ స్పీకర్లు, ఆరు చానళ్ల మిక్సర్ ఉన్నాయి. హాలు 15 మీటర్ల పొడుగు, గాయకుడు ఒక చివర ఉంటాడు. – నిర్వాహకుడు, హైదరాబాద్

సౌండు పెంచడంతోనే పని చెడింది. చుట్టూ చప్పుడు ఎక్కువైతే మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడు. దీన్ని లాంబార్డ్ ఎఫెక్ట్ అంటారు. మీరు ఫేడర్ (మిక్సర్ మీది సౌండు మీట) ఎత్తుతారు, బల్లల దగ్గరివాళ్లు అరవడం మొదలెడతారు, మీరు మళ్లీ ఎత్తుతారు. కిక్కిరిసిన పబ్బులో ఒట్టి మాటలే 85 డెసిబెల్స్ దాటడం మామూలు. ఈ పందెంలో గాయకుడు గెలవడు.

ముందు గాయకుణ్ణి జరపండి. చివర కాకుండా పొడుగు గోడ మధ్యలో నిలబెడితే ఆఖరి బల్ల 15 మీటర్ల నుంచి 8 మీటర్లకు వస్తుంది. పైసా ఖర్చు లేదు. బార్ కౌంటర్, ఐస్ మిషన్, వంటింటి తలుపు అతని వెనక లేకుండా చూడండి. టీవీలు ఆపండి, హాల్లో మామూలుగా మోగే పాటలు కూడా ఆపండి. ఇవి మరిచిపోయి స్పీకర్లు కొన్న హోటళ్లు బోలెడు. గాయకుణ్ణి జరపడం ఏ రకంగానూ కుదరకపోతే 8 మీటర్ల దగ్గర మూడో చిన్న స్పీకర్ పెట్టి దానికి సుమారు 23 మిల్లీసెకన్ల డిలే (ఆలస్యం) ఇవ్వండి. ఇవ్వకపోతే వెనకవాళ్లకు ఒకే మాట రెండుసార్లు వినపడుతుంది.

స్పీకర్లు ఎప్పుడూ మైకు కన్నా ముందుకు ఉండాలి, కనీసం ఒక మీటరు. వాటి హార్న్ (సన్నని, పై స్థాయి శబ్దం వచ్చే భాగం) నిలబడ్డవాళ్ల తలలకు పైన, నేలనుంచి 2 మీటర్ల ఎత్తున ఉండాలి. ఛాతీ ఎత్తున పెడితే ముందు వరసవాళ్ల ఒళ్లు పై స్థాయి శబ్దాన్ని మింగేస్తాయి. వాళ్లకు చెవులు చిల్లులు పడతాయి, వెనకవాళ్లకు ఉత్త రొద తప్ప మాట తెలియదు. ఐరిష్ పాటలో కథ ఉంటుంది, మాట తెలియకపోతే ఇక మిగిలేదేమీ లేదు.

మైకు షూర్ ఎస్‌ఎం 58 లాంటి కార్డియాయిడ్ (ముందువైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టే) డైనమిక్ రకం చాలు. పెదవులకు 3 నుంచి 5 సెంటీమీటర్ల దూరంలో ఉంచమనండి. దూరం సగమైన ప్రతిసారీ దాదాపు 6 డెసిబెల్స్ కలిసొస్తాయి. 20 సెంటీమీటర్ల నుంచి 5కి వస్తే ఫేడర్ ముట్టుకోకుండానే 12 డెసిబెల్స్ లాభం. దగ్గరైతే గొంతు లావుగా వినపడుతుంది, అందుకు 100 హెర్ట్జ్ దగ్గర హైపాస్ (అంతకన్నా కింది శబ్దాన్ని కోసేది) వెయ్యండి. మైకు జాలీని అరచేత్తో కప్పి పట్టుకునే అలవాటుంటే మాన్పించండి. కప్పిన మైకు అన్ని వైపులనుంచీ శబ్దం తీసుకుని కుయ్‌మంటుంది. గాయకుడి మానిటర్ (తన పాట తనకు వినపడే స్పీకర్) కార్డియాయిడ్ మైకుకు నేరుగా వెనక వైపు ఉండాలి. సూపర్ కార్డియాయిడ్ అయితే నేరుగా కాదు, కాస్త పక్కకు జరగాలి, దాని చెవిటి వైపు అక్కడుంటుంది.

ఇక గిటార్. పికప్ (గిటార్‌లో శబ్దం పట్టే పరికరం) కేబుల్‌ను నేరుగా మిక్సర్‌కు లాగొద్దు. మామూలు గిటార్ కేబుల్ ఆరు మీటర్లు దాటితే శబ్దం మందగించి రొద తెచ్చుకుంటుంది. మధ్యలో డీఐ బాక్సు (గిటార్ శబ్దాన్ని పొడుగు కేబుల్‌కు తగ్గట్టు మార్చే చిన్న పెట్టె) పెట్టండి. ‘మ్’ అని 50 హెర్ట్జ్ హమ్ వస్తే డీఐ మీదున్న గ్రౌండ్ లిఫ్ట్ మీట నొక్కండి. హమ్ పోతుందని ప్లగ్గు ఎర్త్ పిన్ను విరిచే మేస్త్రీలు మన దగ్గర ఇంకా ఉన్నారు. అది ప్రాణాలతో చెలగాటం: వేళ్లు గిటార్ తీగల మీద, పెదవులు మైకు జాలీ మీద, ఆ రెంటికీ మధ్య కరెంటుకు దారి గాయకుడి ఒళ్లే.

గిటార్‌లో 2, 3 కిలోహెర్ట్జ్ మధ్య ఓ 3 డెసిబెల్స్ తగ్గిస్తే మాటలకు చోటు దొరుకుతుంది. 100, 200 హెర్ట్జ్ మధ్య ‘బూ’ అని ఊళ వస్తే అది గిటార్ పొట్ట చేసే పని. సౌండ్ హోల్‌కు రబ్బరు మూత పెడితే చాలావరకు పోతుంది. గిటార్ లోపలి 9 వోల్టుల బ్యాటరీ ఆ రోజు కొత్తది వెయ్యండి. అది నీరసించినప్పుడు శబ్దం చిరిగినట్టు వస్తుంది, తప్పు స్పీకర్ మీదికి పోతుంది.

సాయంత్రం హాలు ఖాళీగా ఉండగానే సౌండు మెల్లగా పెంచుతూ పోండి. ఎక్కడ మోగడం మొదలవుతుందో ఆ ఫ్రీక్వెన్సీని 3 నుంచి 6 డెసిబెల్స్ కొయ్యండి. అలా రెండు మూడు చోట్ల చాలు. పది చోట్ల కోస్తే గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది. తరవాత మొత్తం మీద 6 డెసిబెల్స్ వెనక్కి లాగి అక్కడే ఉంచండి. జనం నిండాక పై స్థాయి కాస్త మందగిస్తుంది, అప్పుడు 3 కిలోహెర్ట్జ్ దగ్గర ఓ 2 డెసిబెల్స్ ఇస్తే మాట తేలుతుంది. మాట్లాడేటప్పుడు రెవర్బ్ (ప్రతిధ్వని) ఆపాలి, లేకపోతే గాయకుడి జోకులు నూతిలోంచి వస్తాయి. రాత్రి 10 తరవాత ఆరుబయట లౌడ్‌స్పీకర్‌కు అనుమతి ఉండదు, కాబట్టి టెర్రస్ ఆలోచన ఉంటే ఏడింటికే మొదలెట్టండి.

ప్రశ్న: ఇలాంటి సాయంత్రం పాడమని నన్ను అడిగారు. గిటార్ వచ్చు, కోరస్ పాటలు కొన్ని వచ్చు. రెండు గంటలకు ఎన్ని కావాలి? ఏ వరసలో పాడాలి? – బెంగళూరు

నడుమ 15 నిమిషాల విరామం తీసేస్తే ఒక్కో విడతకు 50 నిమిషాలకు పైగా మిగులుతుంది. పాట, మాట, శ్రుతి సరిచేసుకోవడం కలిపి ఒక్కోదానికి నాలుగున్నర నిమిషాలు వేసుకోండి. విడతకు 11 లేదా 12 పాటలు, మొత్తం 24, చేతిలో అదనంగా ఆరు. ఆ ఆరూ జోరు పాటలే ఉండాలి. విషాద గీతం తక్కువైందని ఏ పబ్బులోనూ ఎవరూ గొడవ చెయ్యలేదు.

మొదటి పాటగా నిదానమైనది వద్దు. అలాగని ఉన్నవాటిలో పెద్దది కూడా వద్దు. జనం ఇంకా కుర్చీలు లాక్కుంటుంటారు, ఆ పాట వృథా అవుతుంది. మధ్యరకం నడకలో, రెండో చరణానికల్లా కోరస్ పట్టుబడే పాటతో మొదలెట్టండి. నిదానం పాట నాలుగో ఐదో స్థానంలో పెట్టండి. అప్పటికీ హాలు కూచోకపోతే సౌండు పెంచకుండా తగ్గించండి. గిటార్ మీద చెయ్యి ఆపేసి ఒక చరణం ఒట్టి గొంతుతో పాడండి. అప్పటిదాకా మోగుతున్నది ఆగిందంటే మాట్లాడేవాడు కూడా తల తిప్పుతాడు. రెండు విడతల్లో ఒక్కసారే పనికొచ్చే చిట్కా ఇది.

శ్రుతి మీ గొంతును బట్టి కాదు, జనం గొంతును బట్టి పెట్టుకోవాలి. కోరస్‌లో అన్నిటికన్నా పై స్వరం డి (D), మహా అయితే ఈ (E). అది దాటితే మగవాళ్లు కీచుమంటారు, లేదా ఊరుకుంటారు. జి (G), డి (D), ఏ (A) శ్రుతుల్లో చాలా పాటలు సర్దుకుంటాయి. క్యాపో (శ్రుతి పెంచడానికి తీగలను నొక్కిపట్టే క్లిప్పు) బిగించాక తీగలు ఓ పిసరు పైకి లాగుతాయి, మళ్లీ ట్యూనర్ చూసుకోండి. ఐరిష్ పద్ధతి గిటార్ వాద్యంలో డి-ఏ-డి-జి-ఏ-డి అని తీగల శ్రుతి అమరిక బాగా వాడతారు కానీ ఒకే గిటార్‌తో వెళ్లేవాళ్లకు అది దండగ. మాటిమాటికీ మెలితిప్పడంలో రెండు నిమిషాలు పోతాయి, ఆ రెండు నిమిషాల్లో జనం చెయ్యి జారిపోతారు.

చప్పట్ల సంగతి. ‘వైల్డ్ రోవర్’ కోరస్‌లో నాలుగు చప్పట్లు పడతాయని పబ్బుల్లో అందరికీ తెలుసు. తెలియని చోట మీరే గిటార్ పొట్ట మీద తట్టి ముందుగా నేర్పాలి. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. 15 మీటర్ల దూరంలో ఉన్నవాడికి మీ పాట 44 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరి, అతని చప్పట్లు మరో 44 ఆలస్యంగా మీ దగ్గరకొస్తాయి. ఆ చప్పట్లను పట్టుకుని నడిస్తే పాట అడుగడుక్కీ ఈడుస్తుంది. ముందు బల్లవాళ్లు హుషారెక్కి పరుగెత్తడం దీనికి అదనం. కాబట్టి ఎవరినీ వినకండి. లావు తీగ మీద బొటనవేలి దెబ్బ గడియారంలా ఉంచి, మానిటర్‌లో మీ గిటార్ మీకు గట్టిగా వినపడేట్టు పెట్టించుకోండి.

తీగ తెగితే మార్చుకుంటూ నిలబడొద్దు. ఆ పాట ముగించి, పక్కవాద్యం అక్కర్లేనిది ఒకటి పాడి, విరామం ప్రకటించండి. నీళ్లు చల్లనివి వద్దు. గొంతు ‘ఖఁ’ అని సవరించుకోవడం మానేసి గుటక వెయ్యండి.

ప్రశ్న: నేను డప్పు వాయిస్తాను. ఐరిష్ వాళ్ల బౌరాన్ చూడటానికి మన డప్పులాగే ఉంది. నేరుగా వాయించెయ్యొచ్చా? – వరంగల్

చట్రం, మేకతోలు, పుల్ల వరకు చుట్టరికమే. బౌరాన్ 14 నుంచి 18 అంగుళాల వెడల్పు. కూర్చుని, తొడమీద నిలువుగా ఆనించి వాయిస్తారు. కుడి చేతిలో ‘టిప్పర్’ అనే చిన్న పుల్ల పెన్నులా పట్టుకుంటారు, దెబ్బ మణికట్టు నుంచి వస్తుంది. తేడా అంతా ఎడమ చేతిలో ఉంది. అది చట్రం లోపల తోలుకు ఆని పైకీ కిందకీ జరుగుతూ స్వరం మారుస్తుంది. డప్పు వాయించేవాళ్లు ఆ చేతిని మరిచిపోతారు, దాంతో వాద్యం ఒకే గొంతున మోగుతుంది.

డప్పును మంట దగ్గర కాస్తాం కదా, ఇక్కడ వ్యవహారం తిరగబడుతుంది. వేడెక్కిన పబ్బులో తోలు తనే బిగిసి టకటకలాడుతుంది. అప్పుడు లోపలివైపు తడి చేత్తో రాసి దించుతారు. ఈమధ్యవాటికి బిగించే మరలు కూడా ఉంటున్నాయి. ఇక నాట్యపు ట్యూన్ల నడకలు: రీల్ నాలుగు నాలుగుగా నడుస్తుంది. జిగ్‌లో మూడేసి దెబ్బల గుంపులు రెండు, అంటే తిస్రం. స్లిప్ జిగ్‌లో అవే మూడు గుంపులు. మీకు లెక్క తేలిక, బలం తగ్గించడమే కష్టం. ఒక సెషన్‌లో ఒక బౌరాన్ చాలన్నది అలిఖిత చట్టం. ముందే ఒకరుంటే అడిగి, వాళ్లు ఆపాకే మొదలెట్టండి.

ప్రశ్న: కర్ణాటక సంగీతం పదేళ్లు నేర్చుకున్నాను. ఇక్కడి సెషన్‌లో పాడమని అడిగారు. ఏం పాడను? – గాల్వే

మీ పాటే పాడండి. వచ్చీరాని యాసలో ఐరిష్ పాట పాడటం కన్నా పల్లవి పదేపదే వచ్చే జానపదం ఒకటి, నాలుగు నిమిషాలు దాటకుండా పాడితే బాగుంటుంది. ముందు రెండే వాక్యాల్లో కథ చెప్పండి. శ్రుతిపెట్టె వద్దు, ఒట్టి గొంతు చాలు. గిటార్ కలుపుతానంటే మీ శ్రుతిని వాళ్ల భాషలో చెప్పండి: రెండు శ్రుతి అంటే డి, అయిదు అంటే జి, ఆరు అంటే ఏ.

వాళ్ల ట్యూన్లు విన్నప్పుడు శంకరాభరణం, హరికాంభోజి, ఖరహరప్రియ స్వరాలు మీకు ఇట్టే తెలిసిపోతాయి. చాలా ట్యూన్లు ఆ మూడు మేళాల్లోనే ఉంటాయి. స్వరాలు అవే గానీ గమకం అది కాదు. ఖరహరప్రియ గాంధారాన్ని ఊపితే పక్కనున్న కాన్సర్టీనా, అకార్డియన్లతో గొడవ, ఎందుకంటే వాటి స్వరం మీటకు కట్టేసి ఉంటుంది. ట్యూన్లు వాయిస్తుండగా మధ్యలో పాట ఎత్తొద్దు. ఒక ట్యూన్ 32 బార్లు (తాళపు కొలతలు), మూడుసార్లు వాయించి ఆపకుండా రెండోదానికి, మూడోదానికి మారతారు. రీల్స్ అయితే మొత్తం అయిదు నిమిషాలు పడుతుంది. అది ఆగాకే మీ వంతు. మీ పాటయ్యాక తరవాత ఎవరు పాడాలో చెప్పే హక్కు కొన్నిచోట్ల మీదే అవుతుంది, దాన్ని నోబుల్ కాల్ అంటారు. కాబట్టి ఎవరిని పిలవాలో ముందే చూసి పెట్టుకోండి.

ప్రశ్న: పబ్బుల్లో పాడేవన్నీ వందల ఏళ్ల నాటివేనా? – రాజమండ్రి

కావు. ‘ఫీల్డ్స్ ఆఫ్ ఆథెన్రై’ 1840ల కరువు కథ చెబుతుంది కాబట్టి అప్పటిదేనని చాలామంది నమ్మకం. పీట్ సెయింట్ జాన్ దాన్ని రాసింది 1970లలో. ఆయన పోయింది 2022లో. అంటే ఆ పాటకు ఇంకా కాపీరైట్ హక్కులున్నాయి. టికెట్టు పెట్టి కచేరీ చేసేవాళ్లు ‘జానపదమేగా’ అనుకోకుండా పాట పాటకీ చూసుకోవాలి.

ప్రశ్న: ఫోనులో రికార్డు చేసుకోవచ్చా? డబ్బులు ఇవ్వాలా? – లిమరిక్

గిగ్‌లో అయితే ఫ్లాష్ లేకుండా ఒకటి రెండు పాటలు పరవాలేదు. సెషన్‌లో అడిగి తియ్యండి, షాన్ నోస్ పాటకు అసలు తియ్యకండి. గిగ్ గాయకుడి ముందు డబ్బా ఉంటే వెయ్యండి. సెషన్‌లో డబ్బివ్వబోతే నొచ్చుకుంటారు. వాళ్లు ఏం తాగుతున్నారో బార్‌లో కనుక్కుని, ఒక గ్లాసు బల్లకు పంపండి. ట్యూన్ల మధ్యలో కాదు, అయ్యాక.